బరువు చాలని రౌతు: కనీస బరువు కోసం ఏది మొయ్యాలి, ఎక్కడ కట్టాలి

ఎండ్యూరెన్స్ సవారీలో, అంటే గుర్రం మీద పదుల కిలోమీటర్లు సాగే పోటీలో, సన్నటి మనిషికి గుర్రం మీద ఏ ఇబ్బందీ ఉండదు. ఇబ్బందంతా కాటా దగ్గరే. ఎఫ్ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) నిబంధనల్లో పెద్దల పోటీలకు చాలాకాలంగా నడుస్తున్న అంకెలు రెండు: 70 కిలోలు, 75 కిలోలు. పోటీ స్థాయి పెరిగితే 75. మనిషి, జీను, దాని సరంజామా అన్నీ కలిపి ఆ అంకెకి తగ్గకూడదు. బయల్దేరే ముందు తూస్తారు, ముగిశాక తూస్తారు, మధ్యలో ఆపి తూచినా కాదనడానికి లేదు. ఎనభై కిలోమీటర్లు శుభ్రంగా తొక్కి వచ్చి, చివర్లో రెండు వందల గ్రాములు తగ్గితే ఆ రోజు కష్టమంతా బూడిదలో పోసినట్టే.

కాబట్టి ముందు మీరు పేరిచ్చిన పోటీ షెడ్యూలు తెప్పించుకుని మూడు సంగతులు చూడండి. ఆ తరగతికి కనీస బరువు ఎంత? కాటా మీదికి ఏవేవి ఎక్కుతాయి? హెల్మెట్, కళ్ళెం, కొరడా లెక్కలోకి వస్తాయా? ఈ మూడో దాంట్లోనే జనం బోల్తా పడతారు. ఇంట్లో హెల్మెట్‌తో తూచుకుని, అక్కడ అది తీసెయ్యమంటే అర కిలో అక్కడికక్కడే ఎగిరిపోతుంది. హెల్మెట్, కళ్ళెం, నీళ్ళ సీసాలు లేకుండానే లెక్క సరిపెట్టుకోవడం మేలు. వాటిని కలుపుకుంటే అదనం, అంతే.

ముందు అసలు మొయ్యాలా అని అడగండి

ఎన్ని రకాల బరువులున్నా, అన్నింటికన్నా మంచి బరువు మొయ్యనక్కర్లేని బరువే. మొదటి ఏడాది రౌతు, చిన్న గుర్రం, నలభై అరవై కిలోమీటర్ల సవారీ అయితే కనీస బరువు లేని తరగతి ఉందేమో వెతకండి. అమెరికాలో ఈ ఆట పద్ధతే వేరు. 1955లో మొదలైన టెవిస్ వంద మైళ్ళ సవారీ పుట్టిన దేశం అది. అక్కడి ఎండ్యూరెన్స్ సంఘం ఏఈఆర్‌సీ మామూలు సవారీల్లో అందరినీ ఒకే గీతకి ఎక్కించదు, బరువును బట్టి రౌతుల్ని విడగొడుతుంది. జీనుతో కలిపి 160 పౌండ్ల వరకు, అంటే సుమారు 72.5 కిలోల వరకు, ఫెదర్‌వెయిట్. ఆ పైన 185 వరకు లైట్‌వెయిట్, 210 వరకు మిడిల్‌వెయిట్, అది దాటితే హెవీవెయిట్. ఏఈఆర్‌సీ వాళ్ళు రాసిన సలహాలు చదివి ఇక్కడి ఎఫ్ఈఐ తరహా పోటీకి సిద్ధమైతే తేడా కొడుతుంది. అక్కడి 54 కిలోల అమ్మాయికి, తక్కువ పడిన బరువు పూడ్చడానికి జీనుకి కట్టే సీసంతో పనే లేదు. ఇక్కడ అదే అమ్మాయికి ఆరేడు కిలోలు కావాలి.

గుర్రం వైపు నుంచి కూడా లెక్క వెయ్యాలి. మన దగ్గర దొరికే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్నవి కావు. బరువు తెలియకపోతే టేపు తీసుకోండి. మూపు వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు మొన నుంచి పిరుదు చివరిదాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోలొస్తాయి. చుట్టుకొలత 165, పొడవు 150 ఉన్న గుర్రం సుమారు 344 కిలోలు. దాని మీద 75 కిలోలంటే దాని బరువులో దాదాపు 22 శాతం. 70 అయితే 20 శాతం. ఇరవై శాతం అన్నది రాతి మీద గీత కాదు. 1990లలో టెవిస్ గుర్రాల మీద జరిగిన పరిశీలనలో, సవారీ పూర్తి చేయడానికి రౌతు బరువు కన్నా గుర్రం ఒంటి మీది కండే ఎక్కువ తేల్చిందని కనపడింది. పక్కటెముకలు బయటికి కనిపించే గుర్రానికి పది కిలోల సీసం కట్టడం మాత్రం ఏ లెక్కలోనూ ఒప్పుకోదు. అలాంటప్పుడు తరగతి మార్చుకోండి, లేదా ఆర్నెల్లు మేపండి. టేపు లెక్క మీద నమ్మకం కుదరకపోతే మన విశాఖలో గాజువాక వైపు లారీల వేబ్రిడ్జి ఉండనే ఉంది. బండిని గుర్రంతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూపించి తీసెయ్యండి. వేబ్రిడ్జి ఐదు పది కిలోల మెట్లలో చూపిస్తుంది కాబట్టి గుర్రానికైతే పనికొస్తుంది, మీకు పనికిరాదు.

ఎంత తక్కువ? కాగితం మీద పెట్టండి

బాత్‌రూమ్ కాటాలు కిలో అటూ ఇటూ చెబుతాయి. బియ్యం కొట్లోనో పాత ఇనప సామాన్ల కొట్లోనో ఉండే ప్లాట్‌ఫారమ్ కాటా నయం. దాన్నీ గుడ్డిగా నమ్మకండి. సీలు తియ్యని ఇంటి గ్యాస్ సిలిండర్ని దాని మీద నిలబెట్టండి. సిలిండర్ మెడ దగ్గర ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, దానికి 14.2 కలిపితే ఎంతో కాటా అంతే చూపించాలి. రెండు సిలిండర్లు పెడితే మీ జీను బరువుకి దూరంగా, మీ ఒంటి బరువుకి దగ్గరగా పరీక్ష జరిగినట్టు. 26 కిలోల బియ్యం బస్తాతోనూ చూడొచ్చు గానీ, బస్తాలో ఎంతుందో ఆ కొట్టువాడికే తెలియాలి.

ఉదాహరణకి 70 కిలోల తరగతి, 54 కిలోల రౌతు. బట్టలు, బూట్లు, చాప్స్ (కాళ్ళ మీది తోలు తొడుగులు) 2.3. తేలికపాటి సింథటిక్ జీను 5.2. రికాబులు, వాటి తోళ్ళు 1.6. గర్త్ (జీనుని బిగించే కడుపు పట్టీ) అర కిలో. జీను కింద వేసే ప్యాడ్ 1.1. రొమ్ముపట్టీ అర కిలో. అంతా కలిపి 65.2. అంటే 4.8 తక్కువ.

ఇక్కడితో ఆగి 4.8 కిలోల సీసం కొనేవాళ్ళే చివర్లో తగ్గేది. విశాఖ గాలిలో తేమ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఉదయం ఆరింటికే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. నాలుగైదు గంటల సవారీలో రౌతు ఒంటి బరువులో రెండు మూడు శాతం చెమటగా పోవడం మామూలే. 54 కిలోల మనిషికి అది ఒకటి నుంచి ఒకటిన్నర కిలో. మీ చెమట లెక్క మీరే తీసుకోండి. సాధన సవారీకి ముందు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని, పొడి బట్టల్లో తూచి, మధ్యలో తాగిన నీళ్ళు కలుపుకుంటే ఎంత కారుతుందో తెలుస్తుంది. రెండు మూడు రోజులు చేస్తే మీ అంకె దొరుకుతుంది. ఆ నష్టానికి ఒకటిన్నర, కాటాల తేడాకి 300 గ్రాములు వేసుకుంటే, ఈ రౌతుకి కావలసింది 4.8 కాదు, 6.6.

ప్యాడ్ చెమటకీ, గుర్రం మీద పోసిన నీళ్ళకీ తడిసి బరువెక్కుతుంది కదా, ఆ బరువు నష్టాన్ని పూడుస్తుంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. పూడ్చవచ్చు. కానీ ఆఖరి విరామంలో ఆ తడి ప్యాడ్ తీసి పొడిది వేశారంటే ఆ ధైర్యమంతా బకెట్ పక్కన ఆరేసి వచ్చినట్టు. ప్యాడ్ ఎప్పుడూ పొడి బరువుతోనే లెక్కలో ఉండాలి. రెండో ప్యాడ్ వాడేవాళ్ళు రెండూ ఒకే బరువువి తీసుకోవాలి.

మొదటి ఎంపిక: బరువైన జీను

మా తీర్పు సూటిగా చెప్పాలంటే, తక్కువ పడిన బరువులో ఎంత వీలైతే అంత జీనులోనే తెచ్చుకోండి. మిగిలిందే సీసం. కారణం ఒక్కటే. జీను లోపలి చట్రం బరువుని వీపుకి రెండు వైపులా పొడుగునా పరుస్తుంది. అదే మూడు కిలోలు ఒక సంచీలో వేలాడితే ఒకే చోట లాగుతుంది. పైగా జీను ఊగదు, చిరగదు, విరామంలో మర్చిపోయేది కాదు.

సింథటిక్ ఎండ్యూరెన్స్ జీనులు నాలుగైదు కిలోలుంటాయి. మామూలు తోలు జీను ఆరు నుంచి ఎనిమిది. వెడల్పు రెక్కలున్న ఆస్ట్రేలియా తరహా స్టాక్ జీను, పాత పటాలాల తరహా జీను పది దాటుతాయి. వెస్టర్న్ జీను పదమూడు నుంచి మొదలవుతుంది. పై లెక్కలోని రౌతు 5.2 కిలోల జీను పక్కనపెట్టి 8 కిలోల తోలు జీను వేస్తే 2.8 అక్కడే వచ్చేసింది. ప్యాడ్ 1.1 బదులు 1.9 కిలోల మందపాటి ఉన్ని నమ్దా (ఒత్తిన ఉన్ని ప్యాడ్) వేస్తే మరో 0.8. ఇక సీసం మూడు కిలోలే, వైపుకి ఒకటిన్నర.

అయితే ఈ ఎంపికకి ఒక్క షరతు ఉంది. జీను ఆ గుర్రానికి అతకాలి. బరువు కలిసొస్తుందని అతకని జీను వేస్తే, సీసం కట్టి చేసే నష్టం కన్నా ఎక్కువ జరుగుతుంది. సన్నటి మార్వాడీ మూపుకి వెడల్పు చట్రం ఉన్న జీను ముందుకి జారి మూపు మీద కూర్చుంటుంది. జీను ముందు వంపు కింద, రౌతు ఎక్కి కూర్చున్నాక కూడా రెండు వేళ్ళు దూరాలి. జీను వెనక అంచు చివరి పక్కటెముక దాటి నడుము మీదికి పోకూడదు. పొట్టి వీపున్న కాఠియావాడీకి వెస్టర్న్ జీను పెట్టేటప్పుడు ఇదే చూడాల్సింది. మన దేశంలో జీనుల తయారీకి కాన్పూర్ పెట్టింది పేరు. అక్కడి నుంచి తెప్పించుకుంటే ఆర్డరిచ్చే ముందు రికాబు తోళ్ళు లేకుండా జీను ఒక్కదాని బరువెంతో రాతపూర్వకంగా అడగండి. పుస్తకంలో రాసిన బరువుకీ వచ్చిన బరువుకీ కిలో తేడా రావడం వింత కాదు. మీకు అది లాభమే అనుకోండి, కానీ లెక్క ముందే తెలిస్తే సీసం దండగ కాదు.

ప్యాడ్ విషయంలో జెల్ ప్యాడ్ బరువుగా ఉంటుంది కాబట్టి బాగుంటుందనిపిస్తుంది. ఈ ఊరి ఉక్కపోతకి మేం దానికి ఓటెయ్యం. జెల్ గాలాడనివ్వదు, వేడి పట్టి ఉంచుతుంది. గుర్రం వీపు మీద చెమట అలా నిలిచి, చర్మం మెత్తబడి, రాపిడికి తొందరగా లేస్తుంది. ఉన్ని నమ్దా చెమట పీలుస్తుంది, ఉతికాక ఆరడానికి రెండు రోజులు పట్టినా సరే.

రికాబులు కూడా చూడండి. అల్యూమినియం, ప్లాస్టిక్ జత బదులు వెడల్పు అడుగున్న ఉక్కు జత వేస్తే అర కిలో పైనే వస్తుంది. పాదానికి ఆసరా కూడా. ఇంతకు మించి రికాబుల్లో బరువు వెతకొద్దు. రికాబు బరువంతా జీనులో ఒకే కొక్కెం మీద వేలాడుతుంది. నిలబడి ట్రాట్ (జోరు నడక) చేసేటప్పుడు ఎలాగూ మీ ఒళ్ళంతా ఆ కొక్కెం మీదే ఉంటుంది.

సీసమా, ఇనుమా, ఇసకా, నీళ్ళా

మిగిలిన బరువుకి ఏ సరుకు అన్నదే తర్వాతి ప్రశ్న. దీనికి కొలత ఒక్కటే: తక్కువ చోటులో ఎక్కువ బరువు. ఘన సెంటీమీటరుకి సీసం 11.3 గ్రాములు, ఇనుము 7.85, పొడి ఇసక సుమారు 1.6, నీళ్ళు ఒకటి. వైపుకి ఒకటిన్నర కిలో సీసం రేకులైతే అరచేతిలో పట్టే దొంతర. ఇసకైతే దాదాపు లీటరు సంచీ.

ఇసక ఖర్చు లేనిది, ఋషికొండ నుంచి భీమిలి దాకా ఎక్కడ వంగినా దొరికేది. అందుకే చాలామంది మొదట దానికే పోతారు. వద్దు. సముద్రపు ఇసక తడిగానే ఉంటుంది. తడి మీద తూచి కుట్టిన సంచీ పోటీ రోజుకి ఎండి తేలికైపోతుంది. ఉప్పు గుడ్డని తినేస్తుంది. కుట్టుల్లోంచి సన్నగా కారి జీను కింద చేరిందంటే గుర్రం వీపు మీద గరుకు కాగితం రుద్దినట్టే.

నీళ్ళ సీసాలు బరువు కాదు, దాహానికి. తాగాలి, గుర్రం మెడ మీద పోయాలి. లెక్క కోసం సీసా దాచుకుని దాహంతో తొక్కేవాళ్ళున్నారు. సీసం కొనే డబ్బు ఆదా చేసి వడదెబ్బ కొనుక్కోవడం అది.

ఇనుము చవక. పాతిక మిల్లీమీటర్ల వెడల్పు, ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్లాట్ బద్ద మీటరుకి 980 గ్రాములు తూగుతుంది. వెల్డింగ్ షాపులో పదిహేను సెంటీమీటర్ల ముక్కలుగా కోయించుకుంటే ముక్కకి సుమారు 147 గ్రాములు. కానీ ఇనుము వంగదు, గుర్రం పక్క వంపుకి ఒదగదు. కోసిన మూలలు గుడ్డని చింపుతాయి. మన ఉప్పుగాలికి నెలరోజుల్లో తుప్పు. అంచులు గ్రైండ్ చేయించి, రంగు వేయించి, రబ్బరు చుడితే సాధనకి పనికొస్తుంది. పోటీకి సీసమే.

సీసం విశాఖలో మూడు రూపాల్లో దొరుకుతుంది. రేకు: మూడు మిల్లీమీటర్ల రేకు, పది సెంటీమీటర్ల వెడల్పు పదిహేను సెంటీమీటర్ల పొడవున్న ముక్క సుమారు 510 గ్రాములు. అలాంటివి మూడు పేర్చితే వైపుకి కావలసిన ఒకటిన్నర కిలో అయింది. కత్తెరకి లొంగుతుంది, మోకాలి మీద పెట్టి వంచితే జీను వంపు పడుతుంది. రెండోది ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాన్లమ్మే కొట్లలో దొరికే సీసపు గుళ్ళు. మధ్యలో కన్నం ఉంటుంది కాబట్టి నైలాన్ తాడుకి గుచ్చి, సంచీలో చుట్టగా పెట్టుకోవచ్చు. పదీ ఇరవై గ్రాముల తేడా సరిచెయ్యడానికి ఇంతకన్నా సులువు లేదు. గుళ్ళ మధ్య ఖాళీలుంటాయి కనుక రేకు కన్నా చోటు ఎక్కువ తింటాయి. వదులుగా పోస్తే గలగలమంటాయి, ట్రాట్‌లో అడుగుకి చేరి సంచీ కింది భాగం ఉబ్బుతుంది. మూడోది స్కూబా డైవింగ్ చేసేవాళ్ళు నడుముకి కట్టుకునే సీసపు దిమ్మలు, గుళ్ళు నింపిన మెత్తటి సంచులు. దిమ్మ వద్దు, గుళ్ళ సంచీ బాగుంటుంది. ఉప్పునీటికి తట్టుకునేలా కుట్టినవి కాబట్టి చెమటకి చెక్కుచెదరవు.

ఒక్క హెచ్చరిక. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం ఇంట్లో కరిగించి దిమ్మలు పోసుకునే పని మాత్రం చెయ్యకండి. పొగా, ఆ బూడిదా విషం, ఇంట్లో పిల్లలుంటే మరీనూ. కొన్న సీసమైనా చేత్తో ముట్టుకున్నాక కడుక్కోకుండా తినకూడదు. ప్రతి ముక్కనీ ప్లాస్టిక్‌లో చుట్టి, దాని మీద పాత సైకిల్ ట్యూబు ముక్క తొడగండి. చప్పుడు ఆగుతుంది, అంచు తగలదు, చెమట సీసాన్ని తాకదు, గుర్రం నాకినా భయం లేదు.

ఎక్కడ కట్టాలి

సరుకు కన్నా చోటు ముఖ్యం. రౌతు కొద్దీ గుర్రం అన్నారు గానీ, రౌతు ఎంత నేర్పరి అయినా తన ఒంటినే సర్దుకోగలడు. సీసం సర్దుకోదు. అది ప్రతి అడుగుకీ లేచి పడుతుంది. కాబట్టి కదలని చోట, జీను చట్రానికే బిగించాలి.

మంచి చోటు జీను ముందు భాగం, మూపుకి ఒక జానెడు కింద, రౌతు మోకాలికి ముందు. జీను ముందున్న డి ఆకారపు కడియాలకి పైన కట్టి, కింది మూల నుంచి ఇంకో పట్టీ గర్త్ పట్టీకి లాగాలి. ఈ కింది పట్టీ లేని సంచీ అసలు సంచీయే కాదు. పైన మాత్రమే కట్టిన సంచీ క్యాంటర్‌లో (మెల్లటి దౌడులో) రెక్కలా కొట్టుకుంటుంది, గంట తిరక్కుండా భుజం మీద వెంట్రుకలు రాలతాయి. సంచీ మరీ ముందుకి పోయినా ముప్పే. గుర్రం కాలు ముందుకి వేసినప్పుడు భుజం పలక పైభాగం వెనక్కి తిరుగుతుంది. గుర్రం ముందు కాలిని మోకాలి దగ్గర పట్టి మెల్లగా ముందుకి లాగించి చూడండి. అప్పుడు కూడా పలక సంచీకి తగలకూడదు.

రేసు జాకీలు వాడే సీసపు గుడ్డ మాటేమిటి? అది జీను కింద పరిచే పొడవాటి గుడ్డ, ముందువైపు జేబుల్లో సీసం. రేసుకి అది సరిపోతుంది, ఎందుకంటే రేసు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఐదు గంటల సవారీకి అదే గుడ్డ వేరే జంతువు. రెండు వైపులా సీసం గుడ్డని కిందికి లాగుతుంది, గుడ్డ మూపు మీద తాడులా బిగుసుకుంటుంది. జేబున్న ప్యాడే వాడతామంటే, జీను బిగించే ముందు ప్యాడ్‌ని జీను వంపులోకి బాగా పైకెత్తి, కడియాలకి కట్టెయ్యండి. జేబులు జీను మెత్తల కిందికి రాకుండా, ముందంచు బయటే ఉండాలి. మెత్త కింద సీసం రేకు ఉందంటే దాని అంచు ఎక్కడుందో మర్నాడు గుర్రం వీపే చూపిస్తుంది.

జీను వెనక కట్టే సంచీలో రెయిన్‌కోటు పెట్టుకోండి. సీసం వద్దు. అక్కడ కింద పక్కటెముకల ఆసరా లేదు, వట్టి నడుమే. కొండ ఎక్కేటప్పుడు ఆ బరువు ఇంకా వెనక్కి లాగుతుంది.

ఇక మనిషి ఒంటి మీద కట్టుకోవడం. బరువు జాకెట్టు, డైవింగ్ బెల్టు. వీటి వాదన వినడానికి బాగుంటుంది: రౌతుతో పాటు కదిలే బరువు ప్రాణమున్న బరువు, గుర్రానికి తేలిక అని. కొంత నిజమే. కానీ ఛాతీ మీది నాలుగు కిలోలు రౌతు బరువుని పైకెత్తుతాయి. మొదటి గంట తర్వాత నడుము అలిసి, రౌతు ధబీమని కూర్చోవడం మొదలుపెడతాడు. అప్పుడు నాలుగు కిలోలు మిగుల్చుకున్నదేమీ లేదు. మే నెలలో ఈ తీరంలో జాకెట్టు మీద జాకెట్టు వేసుకుని తొక్కడం గురించి చెప్పక్కర్లేదు. పడితే, సీసంతో పడతారు. ఒకటి ఒకటిన్నర కిలోలోపు, అదీ బరువైన తోలు బూట్లు, మందపాటి చాప్స్ రూపంలో అయితే సరే. చీలమండకి కట్టే జిమ్ బరువులు ఏ పరిస్థితిలోనూ వద్దు. రికాబులో పాదం ఇరుక్కున్నప్పుడు అది తీసే ప్రతి క్షణం లెక్కే.

సంచీ కుట్టించేటప్పుడు

దీనికి దర్జీ దగ్గరికి కాదు, లారీ టార్పాలిన్లు, బైకు సీటు కవర్లు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మందపాటి నైలాన్, లావు దారం, బలమైన మిషను అక్కడుంటాయి. లోపలి కొలత వెడల్పు పదకొండు, పొడవు పదహారు సెంటీమీటర్లు చాలు, మూడు రేకులకి సరిగ్గా పట్టాలి. వదులుగా ఉంటే సీసం లోపల కొట్టుకుంటుంది. నోరు పైకి ఉండాలి. వెల్క్రో మూత, దాని మీద ఒక బకిలు పట్టీ. వెల్క్రో ఒక్కటే నమ్మితే తడిసి, ఇసక పట్టి రెండో నెలలో నోరు తెరుస్తుంది. అడుగున రెండు వరసల కుట్టు, నాలుగు మూలలా అడ్డకుట్లు. పట్టీలకి కారు సీటుబెల్టు గుడ్డ కానీ గట్టి నైలాన్ నవారు కానీ వాడండి. గుర్రం వైపు ముఖాన చిన్న నమ్దా ముక్క కుట్టించండి.

రెండు సంచులూ వంట కాటా మీద పెట్టి తూచండి, తేడా 50 గ్రాములు దాటకూడదు. ఒకవైపు బరువైతే జీను మెల్లగా అటు జారుతుంది, రౌతు తెలియకుండానే రెండో రికాబు మీద ఒరిగి సరిచేస్తాడు. యాభయ్యో కిలోమీటరు దగ్గర గుర్రం ఒకవైపు ఎందుకు బిగిసిందా అని వెటర్నరీ డాక్టరు వెతుకుతుంటాడు.

పోటీకి ముందు ఈ నేల మీద పరీక్ష

బరువు ఒకేసారి వెయ్యకండి. వారానికి ఒక కిలో చొప్పున పెంచుతూ, పూర్తి బరువుతో కనీసం మూడు నాలుగు పొడవాటి సవారీలు చెయ్యాలి. బరువు లేకుండా సాధన చేసి పోటీ నాడే కడతామనేవాళ్ళు గుర్రం కాళ్ళు కాపాడుతున్నామనుకుంటారు. గుర్రం కాళ్ళ సంగతి అటుంచితే, ఏ పట్టీ ఎక్కడ రాస్తుందో పోటీలోనే తెలుసుకుంటారు.

భీమిలి వైపు తీరం సాధనకి బాగుంటుంది గానీ, నీళ్ళంచున గట్టిపడిన తడి ఇసక మీదే తొక్కండి. పొడి ఇసకలో కాలు దిగబడుతుంది. అదనపు బరువుతో అక్కడ ట్రాట్ చేయిస్తే ముందు కాళ్ళ వెనక స్నాయువులు (టెండన్లు) వాస్తాయి. కొండదారులు, ముఖ్యంగా దిగుడు, ఒకసారి తప్పక చూడాలి. ముందు కట్టిన సీసం దిగుడులో జీనుని మూపు మీదికి తోస్తుంది, రొమ్ముపట్టీ దాన్ని ఆపలేదు. జీను రెండు వేళ్ళ కన్నా ఎక్కువ ముందుకి జరుగుతోందంటే, తోక కింద నుంచి వచ్చే పట్టీ వేసుకోవాలి, లేదా జీనే అతకలేదు.

దిగాక వెంటనే ప్యాడ్ ఎత్తి చూడండి. వీపంతా ఒకేలా తడిసి ఉంటే మంచిది. తడి మధ్యలో అరచేయంత పొడి మచ్చ ఉందంటే అక్కడ అంత నొక్కుడు పడింది, చెమట గ్రంథులు పనిచెయ్యలేదు. మళ్ళీ ఆరు గంటలు గడిచాక, మర్నాడు పొద్దున వేళ్ళతో నొక్కుతూ పోవాలి. వాపులు చాలావరకు మర్నాటికే తేలతాయి. కొన్ని వారాలకి ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలిస్తే అది చాలాసార్లు ఇక పోదు. గుండె లెక్క కూడా రాసుకోండి. వెట్ గేటులో (విరామంలో డాక్టరు గుర్రాన్ని పరీక్షించే చోట) చాలాచోట్ల నిమిషానికి 64 గీత. బరువు లేనప్పుడు ఎనిమిది నిమిషాల్లో 64కి దిగే గుర్రం, బరువుతో పద్నాలుగు తీసుకుంటే అది ఇంకా సిద్ధం కాలేదు.

ప్రయాణం, కాటా

పోటీ వేరే రాష్ట్రంలో ఉంటే రైలే సుఖం. విమానంలో సీసం ఎక్స్‌రేకి నల్లటి దిమ్మలా కనపడుతుంది, చేతి సంచీలో పెడితే విప్పించడం ఖాయం. చెకిన్ సామానులో వెయ్యండి, పైనే కనపడేలా పెట్టండి. దిగిన రోజే అక్కడి అధికారిక కాటా మీద ఒకసారి ఎక్కి చూసుకోండి. 200, 300 గ్రాముల సీసపు గుళ్ళు అదనంగా జేబులో ఉంటే అక్కడి తేడా అక్కడే సరిపోతుంది.

విరామాల్లోనే ఎక్కువ బరువు పోయేది. గుర్రాన్ని చల్లబరిచే హడావిడిలో సహాయకులు జీను, ప్యాడ్, రొమ్ముపట్టీ తలో చోట పడేస్తారు. మళ్ళీ ఎక్కించేటప్పుడు రొమ్ముపట్టీ బకెట్ వెనకే ఉండిపోతుంది, అర కిలో పోయింది. సంచులు జీనుకి శాశ్వతంగా కట్టి ఉంటే ఈ గొడవ ఉండదు. ఉన్న ప్రతి వస్తువు పేరూ ఒక అట్టముక్క మీద రాసి, జీను పెట్టే స్టాండుకి వేలాడదీయండి. ఎక్కే ముందు సహాయకుల్లో ఒకరు అది చదవాలి, ఇంకొకరు ముట్టుకుని చూపించాలి. ముగింపు గీత దాటాక జీనుతో కాటా ఎక్కి దిగేదాకా ఎవరికీ ఏదీ ఇవ్వకండి, చెమట గుడ్డ కూడా.